విండోస్ 11కి నాలుగు పాత సిస్టమ్‌లు: ప్రాజెక్టు డైరీ

తెనాలిలో మా బాబాయి నడిపే డీటీపీ సెంటర్లో మూడు సిస్టమ్‌లున్నాయి. ఇంట్లో పిన్ని వాడేది ఇంకొకటి. నాలుగూ విండోస్ 10 మీదే. దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోతున్నాయని తెలిసి, ఆ తేదీకి కొంచెం ముందు ఈ పని మొదలుపెట్టాం. నాలుగింటిలోనూ ఒకే మాట వచ్చింది: ఈ పీసీ విండోస్ 11 అవసరాలకు సరిపోదు. బయట అడిగితే నాలుగూ తీసేసి కొత్తవి పెట్టమని లక్ష దాటిన కొటేషన్ చేతిలో పెట్టారు.

మాట ఒకటే అయినా కారణాలు వేరువేరు. ఒకదానికి బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే బోర్డు ప్రోగ్రాము) సెట్టింగులు, డిస్కు పద్ధతి మారిస్తే చాలు. ఒకదానికి ప్రాసెసర్ మార్చాలి. ఒకదానికి మదర్‌బోర్డుతో సహా మార్చాలి. ఇంకొకదానికి ఏం చేసినా లాభం లేదు. ఏది ఏ రకమో తెలుసుకోకముందు రూపాయి కూడా తియ్యొద్దని చెప్పడానికే ఈ డైరీ. మన ఊళ్లలో ఇలాంటి సెంటర్లలోనే జనం ఆధార్ కార్డులు, పాస్ పుస్తకాలు, స్థలాల కాగితాలు స్కాన్ అవుతుంటాయి. అప్‌డేట్లు లేని సిస్టమ్‌ల మీద ఆ పని సాగడం నాకు నిజంగా భయం.

దశ 1: కారణం తెలుసుకోవడం

ముందు అవసరాలు. 64 బిట్ ప్రాసెసర్, అదీ మైక్రోసాఫ్ట్ లిస్టులో ఉన్నది. 4 జీబీ ర్యామ్. 64 జీబీ స్టోరేజ్. యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి), సెక్యూర్ బూట్ (నమ్మకమైన ప్రోగ్రాములనే బూట్ కానిచ్చే ఏర్పాటు) చేయగల బోర్డు. టీపీఎం 2.0, అంటే రహస్య కీలను భద్రంగా దాచే ఏర్పాటు. డైరెక్ట్‌ఎక్స్ 12 పనిచేసే గ్రాఫిక్స్. మన దగ్గర వాడే సిస్టమ్‌లలో ఎక్కువ భాగం ఆగిపోయేది మూడు చోట్ల: ప్రాసెసర్, టీపీఎం, బూట్ పద్ధతి.

ప్రతి సిస్టమ్ మీదా ఇదే వరసలో చూశాం.

1. పీసీ హెల్త్ చెక్ యాప్ నడిపి, ఏయే అంశం ఫెయిలయిందో మొత్తం లిస్టు చూడాలి. పైన కనిపించే ఒక్క లైను చదివి ఆగిపోవద్దు.
2. రన్ బాక్సులో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ కొట్టాలి. స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని ఉందా, అసలు టీపీఎమ్మే కనిపించడం లేదా చూడాలి.
3. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ లెగసీయా (పాత బూట్ పద్ధతి), యూఈఎఫ్ఐయా చూడాలి.
4. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్కు ప్రాపర్టీస్ తెరిచి, వాల్యూమ్స్ ట్యాబ్‌లో డిస్కును భాగాలు చేసే పాత పద్ధతి ఎంబీఆర్ ఉందా, కొత్త పద్ధతి జీపీటీ ఉందా రాసుకోవాలి.
5. ప్రాసెసర్ పూర్తి నంబరును మైక్రోసాఫ్ట్ లిస్టుతో పోల్చాలి. "ఐ5 ఉంది, ఐ3 ఉంది" అంటే సరిపోదు. నంబరే ముఖ్యం.

కాగితం మీద తేలింది ఇది.

సిస్టమ్ ఎ, కౌంటర్ దగ్గరది: కోర్ ఐ5-8400, హెచ్310 బోర్డు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, ఎప్పుడో వేసిన పాత గ్రాఫిక్స్ కార్డు. ప్రాసెసర్ లిస్టులో ఉంది. బూట్ లెగసీ, డిస్కు ఎంబీఆర్, టీపీఎం కనిపించలేదు.

సిస్టమ్ బి, డిజైన్ పనికి: రైజెన్ 3 2200జీ, ఏ320 బోర్డు, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ. బూట్ యూఈఎఫ్ఐ, డిస్కు జీపీటీ. టీపీఎం ఆఫ్‌లో ఉంది. ప్రాసెసర్ లిస్టులో లేదు.

సిస్టమ్ సి, ఇంట్లోది: కోర్ ఐ3-7100, హెచ్110 బోర్డు, 8 జీబీ ర్యామ్. ప్రాసెసర్ తప్ప మిగతావన్నీ పాస్.

సిస్టమ్ డి, పాత పేజ్‌మేకర్ (పేజీలు డిజైన్ చేసే పాత సాఫ్ట్‌వేర్) ఫైళ్ల కోసం ఉంచింది: కోర్ 2 డ్యుయో ఈ7500, జీ41 బోర్డు, 4 జీబీ ర్యామ్, 32 బిట్ విండోస్. దాదాపు అన్నీ ఫెయిల్.

ఇక్కడే ఒక సంగతి. షాపులో టీపీఎం మాడ్యూల్ అని చిన్న కార్డు అమ్ముతామన్నారు, ధర రెండు వేల పైనే. 2021 జూన్‌లో విండోస్ 11 ప్రకటించగానే ఈ మాడ్యూళ్ల ధరలు అమాంతం పెరిగిన మాట నిజమే, కానీ మనకు దాని అవసరం లేదు. ఎ, బి, సి మూడింటిలోనూ టీపీఎం లోపలే ఉంది. ఇంటెల్ దాన్ని పీటీటీ అంటుంది, ఏఎండీ ఎఫ్‌టీపీఎం అంటుంది. బయోస్‌లో ఆన్ చేయాలి, అంతే. పైగా మాడ్యూల్ పిన్నులు బోర్డుకో రకంగా ఉంటాయి, కొన్నా సరిపోతుందన్న నమ్మకం లేదు.

ఇప్పటివరకు ఖర్చు: 0.

దశ 2: సిస్టమ్ ఎ, డిస్కు దగ్గర ఆగిపోయింది

దీన్ని కదపడానికి బాబాయి ఒప్పుకోలేదు.

"ఒరే, నడుస్తున్నదాన్ని ఎందుకురా కదపడం? పెళ్లి కార్డుల పని మీద పడుతోంది."

"నడవట్లేదని కాదు బాబాయ్. వచ్చినవాళ్ల పెన్‌డ్రైవులన్నీ దీనికే పెడుతున్నాం, వాట్సాప్ వెబ్ దీన్లోనే తెరుస్తున్నాం. అప్‌డేట్లు ఆగితే మొదటి దెబ్బ దీనికే."

"సరే, సాయంత్రం షాపు కట్టేశాక చూసుకో. పొద్దున్నే తెరిచేసరికి మాత్రం నాకు ఇది నడవాలి."

ఆ షరతు మంచిదే అయింది. పాత డిస్కును ముట్టుకోకుండా పని జరిగే దారి వెతకాల్సి వచ్చింది.

టీపీఎంతో మొదలుపెట్టాం. బయోస్‌లో పీటీటీ ఆన్ చేసి సేవ్ చేశాక కూడా విండోస్‌లో టీపీఎం కనిపించలేదు. ఈ బోర్డులో రెండు చోట్ల సెట్టింగ్ ఉంది. ఫర్మ్‌వేర్ కాన్ఫిగరేషన్ పేజీలో పీటీటీ, ట్రస్టెడ్ కంప్యూటింగ్ పేజీలో సెక్యూరిటీ డివైస్ సపోర్ట్. రెండోది ఆఫ్‌లో ఉంటే మొదటిది ఆన్ చేసినా ఫలితం లేదు. రెండూ ఆన్ చేశాక వెర్షన్ 2.0 వచ్చింది.

తర్వాత డిస్కు. లెగసీ నుంచి యూఈఎఫ్ఐకి మారాలంటే బూట్ డిస్కు జీపీటీ పద్ధతిలో ఉండాలి. విండోస్‌లోనే ఎంబీఆర్‌టూజీపీటీ అనే కమాండ్ ఉంది. డేటా పోకుండా మారుస్తుంది. ముందు వాలిడేట్ అని పరీక్ష మాత్రమే నడిపాం. డిస్క్ లేఅవుట్ వాలిడేషన్ ఫెయిల్డ్ అని తిప్పికొట్టింది.

కారణం మన దగ్గర సిస్టమ్‌లు అసెంబుల్ చేసే తీరులోనే ఉంది. సీ, డీ, ఈ అని మూడు డ్రైవులు చేసి ఇవ్వడం మనకు అలవాటు. పాత పద్ధతిలో డీ, ఈ డ్రైవులు ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ లోపల లాజికల్ డ్రైవులుగా కూర్చుంటాయి. అలాంటి పార్టిషన్ ఒక్కటి ఉన్నా ఈ కమాండ్ ఒప్పుకోదు. ప్రైమరీ పార్టిషన్లు కూడా మూడుకు మించకూడదు. మన జిల్లాలో అసెంబుల్ చేసిన సిస్టమ్ మీద ఈ పని పెట్టుకుంటే ఇదే గోడ ఎదురవుతుందని ముందే అనుకోండి.

దారులు రెండు. డీ, ఈ డేటా బయటికి తీసి, ఆ పార్టిషన్లు చెరిపేసి, మార్చి, మళ్లీ ఎక్కించడం ఒకటి. కొత్త ఎస్‌ఎస్‌డీ మీదికి సీ డ్రైవు, సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్ మాత్రమే క్లోన్ (ఉన్నదున్నట్టు నకలు) చేసి, దాన్ని మార్చడం రెండోది. రెండోదే ఎంచుకున్నాం. జీపీటీ కావాల్సింది బూట్ డిస్కుకే. డేటా ఉన్న పాత హార్డ్‌డిస్క్ ఎంబీఆర్‌లో ఉన్నా విండోస్ 11కి ఇబ్బంది లేదు. ఏదైనా తేడా వస్తే పాత డిస్కు పెట్టి, బయోస్ లెగసీకి తిప్పితే పొద్దున్నే షాపు తెరవొచ్చు.

చేసిన వరస:

1. సీ డ్రైవులో చెత్త తీసేశాం. 143 జీబీ నుంచి 118 జీబీకి దిగింది.
2. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ తగిలించి ఆ రెండు పార్టిషన్లనే క్లోన్ చేశాం.
3. సిస్టమ్ ఆపి, పాత హార్డ్‌డిస్క్ కేబుల్ పీకేశాం. ఇది తప్పకుండా చేయాలి. రెండు డిస్కులకూ ఒకే సిగ్నేచర్ (డిస్కు గుర్తింపు నంబరు) ఉంటే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది. పైగా కమాండ్‌లో డిస్క్ 0 అని రాసినప్పుడు అది ఏ డిస్కో అన్న అనుమానం ఉండకూడదు.
4. ఎస్‌ఎస్‌డీ నుంచి బూట్ అయి, వాలిడేట్ మళ్లీ నడిపాం. పాస్ అయింది.
5. అదే కమాండ్ కన్వర్ట్‌తో నడిపాం. నడుస్తున్న విండోస్‌లోంచే చేస్తున్నాం కాబట్టి అలౌ ఫుల్ ఓఎస్ అనే మాట కూడా చేర్చాలి. అది లేకపోతే కమాండ్ మొదలవ్వదు.
6. ఒక్క నిమిషంలో అయిపోయింది. రిజర్వ్‌డ్ పార్టిషన్ 50 ఎంబీయే ఉండటంతో సీ డ్రైవు చివర కొంచెం తగ్గించి కొత్త ఈఎఫ్ఐ పార్టిషన్ చేసుకుంది.

అసలు టెన్షన్ తర్వాతే. బయోస్‌లో సీఎస్‌ఎం (పాత లెగసీ పద్ధతిని నడిపించే సెట్టింగ్) ఆఫ్ చేసి సేవ్ చేయగానే స్క్రీన్ నల్లగా అయిపోయింది. బీప్‌లు వచ్చాయి. బయోస్‌లోకి కూడా వెళ్లలేకపోయాం, చూపించడానికి బొమ్మే లేదు. డిస్కు పోయిందేమోనని అనుమానం వస్తుంది కానీ కాదు. కారణం ఆ పాత గ్రాఫిక్స్ కార్డు. యూఈఎఫ్ఐలో బొమ్మ రావాలంటే కార్డులో జీఓపీ అనే ఫర్మ్‌వేర్ ఉండాలి. ఆ కాలం నాటి చవక కార్డుల్లో చాలావాటికి అది లేదు. సీఎస్‌ఎం ఉన్నన్నాళ్లూ ఆ లోటు బయటపడదు.

సరిచేసిన తీరు: పవర్ కేబుల్ పీకి, బోర్డు మీది బటన్ సెల్ తీసి కాసేపు ఆగి, సీమాస్ క్లియర్ చేశాం, అంటే బయోస్ సెట్టింగులు మొదటికి తెచ్చాం. ఆ సెల్ వోల్టేజి మల్టీమీటర్‌తో చూస్తే 2.6 ఉంది, 3 ఉండాలి, అందుకే కొత్తది వేశాం. గ్రాఫిక్స్ కార్డు తీసేశాం. ఐ5-8400లోనే యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్ ఉంది, డైరెక్ట్‌ఎక్స్ 12కి అది చాలు. పాత కార్డు అలాగే ఉంచినా డైరెక్ట్‌ఎక్స్ దగ్గర ఫెయిలయ్యేదే. రెండు మానిటర్ల కోసం ఆ కార్డు వేశారట. బోర్డు మీద ఒక వీజీఏ, ఒక హెచ్‌డీఎంఐ ఉన్నాయి, మానిటర్లు రెండూ వీజీఏవే. ఒక కన్వర్టర్ కొంటే సరిపోయింది.

క్లియర్ చేశాక పీటీటీ కూడా ఆఫ్ అయిపోయింది. మళ్లీ ఆ రెండు చోట్లా ఆన్ చేసి, సీఎస్‌ఎం ఆపి, సెక్యూర్ బూట్ పెట్టాం. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో ఇంకా ఆఫ్ అనే ఉంది. బయోస్‌లో ఎనేబుల్డ్, పక్కనే నాట్ యాక్టివ్. ఫ్యాక్టరీ కీస్ రీస్టోర్ చేసే ఆప్షన్ నొక్కి రీస్టార్ట్ చేశాకే ఆన్ అయింది. రూల్ ప్రకారం సెక్యూర్ బూట్ చేయగలిగితే చాలు, ఆన్‌లో ఉండి తీరాలని లేదు. అయినా షాపు సిస్టమ్ కాబట్టి ఆన్‌లో పెట్టాం.

ఇంత చేశాక కూడా సెట్టింగ్స్‌లోని అప్‌డేట్ పేజీ పాత మాటే చెబుతూ వచ్చింది. దానికి ఒక రోజు వరకు పడుతుంది. పీసీ హెల్త్ చెక్‌లో మళ్లీ నొక్కితే వెంటనే అన్నీ పచ్చ టిక్కులు. ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్‌తో అప్‌గ్రేడ్ చేశాం. అది సాఫీగానే నడిచింది.

కొలతలు: పవర్ నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ వాడుకునే వరకు ముందు 2 నిమిషాల 50 సెకన్లు, ఇప్పుడు 24 సెకన్లు. ఇందులో ఎక్కువ భాగం ఎస్‌ఎస్‌డీ పుణ్యమే, విండోస్ 11 గొప్ప కాదు.

ఖర్చు: ఎస్‌ఎస్‌డీ రూ. 2,100, కన్వర్టర్ రూ. 350, సెల్ రూ. 40. మొత్తం రూ. 2,490.

ఇప్పటివరకు: రూ. 2,490.

దశ 3: సిస్టమ్ బి, పేరు చూసి నమ్మితే తేడా

ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి పనికొస్తాయని అందరూ చెబుతారు. 2200జీ అన్న పేరు చూస్తే అది ఆ సిరీస్‌దే. కానీ లిస్టులో లేదు. గ్రాఫిక్స్‌తో వచ్చిన 2200జీ, 2400జీ లోపల ఉన్నది మొదటి తరం జెన్ (ఏఎండీ ప్రాసెసర్ డిజైన్ పేరు) కోర్లు. మిగతా 2000 సిరీస్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో జెన్ ప్లస్. పేరులోని నంబరు ఒక తరం ముందుకు చూపిస్తుంది. 3200జీ మాత్రం లిస్టులో ఉంది.

ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) కావడం మన అదృష్టం. అదే బోర్డులో ప్రాసెసర్ మార్చుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ 3200జీ దొరికింది. కానీ బోర్డు బయోస్ 2018 నాటిది, దానికి 3200జీ తెలియదు. కాబట్టి పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ మార్చాలి, తర్వాతే కొత్తది పెట్టాలి.

ఇక్కడ బోర్డు కంపెనీ డౌన్‌లోడ్ పేజీలోని చిన్న అక్షరాలు పూర్తిగా చదవడం వల్ల పని దక్కింది. రెండు హెచ్చరికలు ఉన్నాయి. చివరి వెర్షన్ వేయాలంటే ముందు మధ్యలో ఒక వెర్షన్ వేయాలి. చివరి వెర్షన్‌ను పాత తరం ప్రాసెసర్ ఉన్నప్పుడు వేయొద్దు. అంటే నేరుగా చివరిదానికి వెళ్లి ఉంటే 2200జీతో బోర్డు లేవకపోయేది. ఏఎం4 బోర్డుల్లో చాలావాటికి బయోస్ చిప్ 16 ఎంబీయే కావడంతో కొత్త ప్రాసెసర్ల కోసం పాతవాటి సపోర్ట్ తీసేయాల్సి వచ్చింది.

వరస ఇలా:

1. యూపీఎస్ బ్యాటరీ చూసుకున్నాం. మానిటర్, సిస్టమ్ మాత్రమే పెట్టి కరెంటు తీసేస్తే 11 నిమిషాలు ఆగింది. బయోస్ ఎక్కడానికి పట్టేది 4 నిమిషాలలోపే. యూపీఎస్ లేకుండా ఈ పని చేయొద్దు.
2. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, 2200జీ మీద మధ్య వెర్షన్ వేశాం.
3. ప్రాసెసర్ మార్చాం. కూలర్ తీసే ముందు సిస్టమ్ కాసేపు నడిపి వేడెక్కనివ్వాలి. పేస్టు గట్టిపడి ఉంటే ఏఎం4లో కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. కూలర్‌ను పైకి లాగకుండా మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయాలి.
4. 3200జీ మీద చివరి వెర్షన్ వేశాం.

ప్రాసెసర్ మార్చిన తర్వాత మొదటిసారి ఆన్ చేయగానే నల్లటి తెర మీద ఇంగ్లిషులో పొడుగాటి మెసేజ్ వస్తుంది. కొత్త ప్రాసెసర్ పెట్టారు, టీపీఎం రీసెట్ చేయాలంటే వై నొక్కండి, బిట్‌లాకర్ (విండోస్‌లోని డిస్కు తాళం) ఉంటే రికవరీ కీ లేకుండా సిస్టమ్ లేవదు, వద్దంటే ఎన్ నొక్కండి అని. ఆ తెర చూసి కంగారు పడక్కర్లేదు. బిట్‌లాకర్ లేదని ముందే నిర్ధారించుకుని ఉన్నాం కాబట్టి వై నొక్కాం. ఒకవేళ ఉంటే, పని మొదలుపెట్టక ముందే దాన్ని ఆపి, కీని కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఇంకొకటి, విండోస్‌లోకి నాలుగంకెల పిన్‌తో వెళ్లే అలవాటున్నవాళ్లు అసలు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకోవాలి. పిన్ టీపీఎంతో ముడిపడి ఉంటే రీసెట్‌తో చెల్లకుండా పోతుంది.

బయోస్ మార్చిన ప్రతిసారీ సెట్టింగులన్నీ మొదటికి వచ్చాయి. ఎఫ్‌టీపీఎం ఆఫ్, సీఎస్‌ఎం ఆన్. చివరి వెర్షన్ వేశాకే సెట్టింగులు పెట్టుకోవడం మేలు.

చివరి వెర్షన్ దాకా వెళ్లడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎఫ్‌టీపీఎం ఆన్ చేస్తే కొన్ని రైజెన్ సిస్టమ్‌లు మధ్యమధ్యలో క్షణం పాటు బిగుసుకుపోతాయని 2022లో ఏఎండీయే ఒప్పుకుంది. ఏజీసా (బయోస్ లోపల ఏఎండీ ఇచ్చే కోడ్) 1.2.0.7 ఉన్న బయోస్‌లో దాన్ని సరిచేసింది. డిజైన్ చేసే సిస్టమ్‌లో మౌస్ ఆగితే పని చేయలేం. బయోస్ నోట్స్‌లో ఆ నంబరు గానీ, దానికి పైది గానీ ఉందో లేదో చూసుకోండి.

దీని మీద విండోస్ 11 ఫ్రెష్‌గా వేశాం. యాక్టివేషన్ పోలేదు, లైసెన్స్ బోర్డుతో ముడిపడి ఉంది. కొత్తగా వేసినందువల్ల రెండు సంగతులు బయటపడ్డాయి.

ఒకటి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేయగానే డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్కు మొత్తానికి తాళం) తనంతట తానే ఆన్ అయింది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి డెస్క్‌టాప్‌లలో కూడా ఇలా జరుగుతోంది. మంచిదే, కానీ కీ లేకపోతే డిస్కు తీసి వేరే సిస్టమ్‌కి పెట్టినా ఫైళ్లు రావు. కీ ప్రింటు తీసి షాపు లైసెన్స్ కాగితాల ఫైల్లో పెట్టాం.

రెండోది తెలుగుకు సంబంధించింది. బాబాయి దగ్గర ఏళ్ల తరబడి టైపు చేసిన అగ్రిమెంట్లు వర్డ్‌లో గౌతమి ఫాంటులో ఉన్నాయి. వాటిని తెరవగానే లైన్లు ఎక్కడివక్కడ విరిగిపోయి, ఒక పేజీ అగ్రిమెంటు రెండో పేజీకి జారింది. ఫైలు పాడవలేదు. గౌతమి ఇప్పుడు విండోస్‌లో ముందే ఉండదు, దాని బదులు నిర్మలా ఫాంటు పడింది. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ చేర్చితే గౌతమి, వాణి రెండూ వచ్చాయి, పేజీలు సర్దుకున్నాయి. స్టాంపు పేపర్ మీద కొలత చూసి ప్రింటు తీసేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. సిస్టమ్ తిరిగి అప్పగించేముందు ఒక పాత అగ్రిమెంటు తెరిచి చూడండి.

ఖర్చు: 3200జీ రూ. 3,300, థర్మల్ పేస్టు రూ. 150, 2200జీ అమ్మితే వచ్చింది రూ. 1,700. నికరంగా రూ. 1,750.

ఇప్పటివరకు: రూ. 4,240.

దశ 4: సిస్టమ్ సి, ఒక్క ప్రాసెసర్ దగ్గరే

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. టీపీఎం 2.0 ఉంది. యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్, 8 జీబీ ర్యామ్ అన్నీ ఉన్నాయి. పిన్ని చేసే పనికి, అంటే యూట్యూబ్, బ్యాంకు, కరెంటు బిల్లు, మనవరాలి హోంవర్కు ప్రింట్లకు, సిస్టమ్ ఏమాత్రం తడబడదు. ఐ3-7100 ఏడో తరం కాబట్టి కుదరదు. ఏడో తరంలో మినహాయింపు దొరికినవి కోర్ ఎక్స్ సిరీస్, జియాన్ డబ్ల్యూ, ఐ7-7820హెచ్‌క్యూ లాంటి కొన్ని మాత్రమే. అర్హత లేని సిస్టమ్‌లలో కర్నెల్ క్రాష్‌లు 52 శాతం ఎక్కువ కనిపించాయని 2021లో మైక్రోసాఫ్ట్ కారణం చెప్పింది. ఆ లెక్కలో టీపీఎం కూడా లేని పాత సిస్టమ్‌లు, ఇలా ఒక్క తరం తేడాతో ఆగినవి అన్నీ ఒకే గంపలో ఉన్నాయి. విడదీసి చూపించి ఉంటే ఒప్పుకోవడం తేలికయ్యేది.

ఒక షాపులో ఎనిమిదో తరం ప్రాసెసర్ మార్చేద్దాం, సాకెట్ అదే కదా అన్నారు. దయచేసి ఆ మాట విని డబ్బు పెట్టకండి. రెండింటి సాకెట్ పేరూ ఎల్‌జీఏ 1151. ప్రాసెసర్ అందులో కూర్చుంటుంది కూడా. కానీ ఎనిమిదో తరానికి 300 సిరీస్ చిప్‌సెట్ కావాలి, కొన్ని పిన్నుల పని కూడా మారింది. హెచ్110 మీద అది లేవదు. హెచ్310 బోర్డు, ఐ3-8100 రెండూ పాతవి కలిపి అడిగితే రూ. 6,000 చెప్పారు. ఇప్పుడే అంత పెట్టాలనిపించలేదు.

రిజిస్ట్రీలో ఒక విలువ మార్చి ప్రాసెసర్ పరీక్ష దాటించే పద్ధతి ఉంది. పనిచేస్తుంది. అయినా చేయలేదు. అలా వేసిన సిస్టమ్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. మనం ఇదంతా చేస్తున్నదే అప్‌డేట్ల కోసం. ప్రయోగాలకు ఉంచుకున్న సిస్టమ్ మీద చేసుకోవచ్చు. పిన్ని బ్యాంకు పని చేసే దాని మీద వద్దు.

చేసింది ఈఎస్‌యూ. విండోస్ 10కి ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 వరకు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం. 30 డాలర్లు కట్టొచ్చు, లేదా సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. ఇది ఇంటి సిస్టమ్‌లకు మాత్రమే. షాపు సిస్టమ్‌లను ఇందులో చేర్చకూడదు, వాటికి వేరే రేటు ఉంది, మొదటి ఏడాదికి సిస్టమ్‌కి 61 డాలర్లు.

1. విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. పిన్ని సిస్టమ్ 21హెచ్2లో ఆగిపోయి ఉంది, ముందు అది తెచ్చాం.
2. మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. ఉన్నది పాస్‌వర్డ్ లేని లోకల్ అకౌంట్. పిన్ని ఫోను నంబరుతో కొత్తది తెరిచాం.
3. అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ లింకు కనిపించలేదు. పెండింగ్‌లో ఉన్న అప్‌డేట్లన్నీ వేసి, రీస్టార్ట్ చేశాక వచ్చింది.

"ఏం మారిందిరా, నాకేం తేడా కనిపించట్లేదే" అంది పిన్ని. "కనిపించకూడదనే పిన్నీ" అన్నాను.

ఖర్చు: 0. ఇప్పటివరకు: రూ. 4,240.

దశ 5: సిస్టమ్ డి, నెట్ నుంచి విడదీయడం

దీని గురించి ఆశ పెట్టుకోలేదు. విండోస్ 11కి 32 బిట్ ఎడిషన్ లేదు. జీ41 బోర్డులో యూఈఎఫ్ఐ లేదు. 24హెచ్2 నుంచి ప్రాసెసర్‌లో ఎస్‌ఎస్‌ఈ 4.2, పాప్‌కౌంట్ ఆదేశాలు తప్పనిసరి. ఈ7500లో ఎస్‌ఎస్‌ఈ 4.1 వరకే ఉంది. పరీక్షలు దాటించి ఎక్కించినా బూట్ కాదు. ఏ సాఫ్ట్‌వేర్ చిట్కా కూడా దీన్ని మార్చలేదు.

అయితే పారేయలేం. పాత శుభలేఖలు, కరపత్రాలు, గుడి రసీదు పుస్తకాల మ్యాటర్ అంతా పేజ్‌మేకర్ 7లో, అను అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఫాంట్లతో ఉంది. ఆ తెలుగు సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ యూఎస్‌బీ లాక్ (లైసెన్స్ కోసం పోర్టులో పెట్టే చిన్న పరికరం) పెడితేనే తెరుచుకుంటుంది. బాబాయి దగ్గరున్న లాక్‌కి 32 బిట్ డ్రైవరే ఉంది. సిస్టమ్ ఎ మీద పెట్టి చూస్తే లాక్ పక్కన పసుపు గుర్తు వచ్చింది.

అందుకే దీన్ని ఇలా ఉంచాం:

1. నెట్ కేబుల్ తీసేసి, బయోస్‌లో ల్యాన్ ఆఫ్ చేశాం. వైఫై డాంగిల్ పెట్టకూడదని బాబాయి క్యాబినెట్ మీద చీటీ అంటించాడు.
2. దీనికంటూ ఎర్ర రంగు పెన్‌డ్రైవ్ ఒకటి. కస్టమర్ల పెన్‌డ్రైవులు దీనికి పెట్టరు. మ్యాటర్ ఏదైనా ముందు సిస్టమ్ ఎలో స్కాన్ అయి, ఈ ఎర్రదానిలోకి వస్తుంది.
3. ఆటోరన్ (పెన్‌డ్రైవ్ పెట్టగానే దానిలోది తనంతట తానే నడవడం) ఆపేశాం. షార్ట్‌కట్ వైరస్ మన సెంటర్లలో ఇంకా తిరుగుతూనే ఉంది.
4. బయటికి వెళ్లేది పీడీఎఫ్ మాత్రమే.
5. మొత్తం డిస్కు ఇమేజ్ (పూర్తి నకలు ఫైలు) తీసి, సిస్టమ్ ఎలోని పాత హార్డ్‌డిస్క్ మీద పెట్టాం. అది 61 జీబీ.

ఖర్చు: పెన్‌డ్రైవ్ రూ. 350. ఇప్పటివరకు: రూ. 4,590.

ఆ ఇమేజ్‌ను సిస్టమ్ బిలో, సిస్టమ్ లోపల నడిచే ఇంకో సిస్టమ్ లాంటి వర్చువల్ మెషీన్‌గా నడిపి, లాక్‌ను దానికి అప్పగించి చూశాం. విండోస్ లేచింది, పేజ్‌మేకర్ తెరుచుకుంది, లాక్ కూడా డివైస్ లిస్టులో కనిపించింది. కానీ తెలుగు సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి లాక్‌ను గుర్తుపడుతోంది, ఒక్కోసారి లేదంటోంది. వెనక యూఎస్‌బీ 2.0 పోర్టులో పెడితే గుర్తుపట్టేది ఎక్కువ, ముందు ప్యానెల్ పోర్టులో తక్కువ. పెళ్లి కార్డుల సీజన్ నడుస్తుండగా దీని మీద ఆధారపడలేం. అందుకే డి అలాగే ఉంది.

ఇక మిగిలినవి

ఎ, బి సిస్టమ్‌లలో సెక్యూర్ బూట్ సర్టిఫికెట్లు 2011 నాటివి. వాటి గడువు 2026 జూన్ నుంచి ముగియడం మొదలవుతుంది. కొత్తవి అప్‌డేట్లతో వస్తాయి. అప్పటికి ఈ రెండింటిలోనూ అప్‌డేట్లు ఆగకుండా ఉన్నాయో లేదో, బోర్డు కంపెనీలు కొత్త బయోస్ ఇచ్చాయో లేదో చూడాలి. బిలో బయోస్ మార్చాల్సి వస్తే ముందు ఎన్‌క్రిప్షన్ సస్పెండ్ చేయాలి.

సి సిస్టమ్ కోసం పాత హెచ్310 బోర్డు, ఐ3-8100 ఎక్కడైనా రూ. 4,000 లోపు వస్తే చెప్పమని గుంటూరులో తెలిసినవాళ్లకు చెప్పి ఉంచాను. పిన్ని సిస్టమ్‌లోని ర్యామ్ డీడీఆర్4 కాబట్టి అదే సరిపోతుంది. క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్, డిస్కు కూడా అవే. ఈఎస్‌యూ గడువు ముగిసేలోపు, అంటే 2026 అక్టోబర్ 13 లోపు దొరకాలి.